కట్ట మీది పేరు

1953 అక్టోబర్ 5, సోమవారం

కొత్త సంవత్సరం నుంచి రైల్లో మా తపాలా పెట్టెలో, అంటే దారి పొడుగునా ఉత్తరాలు వేరుచేసే మా బోగీలో, ఒక్కడే ఉంటాడట. ఇద్దరం చేసే పని ఒక్కడి చేత చేయిస్తారట. బండి కదలబోయే ముందు ఒమాహా ఆఫీసు నుంచి మా పై అధికారి థర్లో గారి కాగితం వచ్చింది. ఉత్తరాలన్నీ లారీలూ విమానాలూ ఎత్తుకుపోతున్నాయి కనక రైలుకి ఇద్దరు దండగ అని దాని సారాంశం. ఈ నెలా, వచ్చే నెలా చీటీలు లెక్కపెట్టి, తప్పులు తక్కువున్నవాణ్ణి రైల్లో ఉంచుతారు. రెండోవాడు ఊళ్ళో సార్టింగ్ షెడ్డుకి పోవాలి. కిటికీల్లేని షెడ్డు, కదలని షెడ్డు. నూట యాభై మంది ఒకే గడియారం కేసి చూస్తూ నిలబడతారక్కడ.

నాకేం భయం? రూడీ కోవాండా అంటే ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నెబ్రాస్కాలో ఏ ఊరి ఉత్తరం ఏ జంక్షన్లో దిగి ఏ బండెక్కాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పరీక్షల్లో ఎప్పుడూ నూటికి తొంభై తొమ్మిది తగ్గలేదు. పాపం, ఆర్విడ్ సంగతే ఆలోచించాలి. ఆర్విడ్ నోర్డీన్, స్వీడన్ వాళ్ళ బిడ్డ, నాకంటే పదమూడేళ్ళు చిన్న. మాటకింత అని ఎవరో జరిమానా వేస్తున్నట్టు నోరు కట్టుకుని ఉంటాడు. పని నేర్పింది నేనే.

చీటీ అంటే వట్టి చీటీ కాదు, మా జాతకం. ఉత్తరాల కట్ట కట్టినవాడు తన పేరు ముద్ర కొట్టిన చీటీ దాని మీద పెట్టాలి. అవతల కట్ట విప్పినవాడు లోపల తప్పుడు ఊరి ఉత్తరాలు ఎన్నున్నాయో ఆ చీటీ వెనక రాసి ఆఫీసుకి పంపుతాడు. ఎవడి పాపం వాడి పేరు మీద పడుతుంది.

ఆగస్టు నుంచి, ఊరికొకటిగా ఉన్న నా గూళ్ళలో ఉత్తరాలు కూడా ఆర్విడే తీసి కట్టలు కడుతున్నాడు. "నీ భుజం నొప్పి కదా పెద్దాయనా, నువ్వు గూళ్ళలో వేస్తూండు, నేను కడతాను" అన్నాడు. భుజం నొప్పి ఉన్నట్టు నాకు గుర్తులేదు గాని, పెద్దవాళ్ళని గౌరవించడం మంచి అలవాటే కనక ఊరుకున్నాను.

అక్టోబర్ 9, శుక్రవారం

బ్రాడిష్‌లో మా బండి ఆగదు. ఊరి సంచి నడుస్తున్న బండిలోంచే బయటికి తన్నాలి. స్తంభానికి వేలాడే వాళ్ళ సంచిని తలుపు దగ్గర ఇనప కొక్కెంతో అదే క్షణంలో లాక్కోవాలి. రెండూ నా పనే, ఇరవై ఆరేళ్ళుగా. ఊరికి ముందు ఒక ఎర్ర పశువుల కొట్టం వస్తుంది. అది కనపడగానే పది లెక్కపెట్టి తన్నాలి.

ఇవాళ ఎర్రగా కనపడింది, లెక్కపెట్టాను, తన్నాను. తీరా అది కొట్టం కాదు, ఎవడో మొక్కజొన్న బండికి ఎర్రరంగు వేసి పొలంలో నిలబెట్టాడు. ఊరు ఇంకా అరమైలుంది. సంచి పోయి పందుల దొడ్లో పడింది. కొక్కెం గాలిని పట్టుకొచ్చింది.

"ఎర్ర బండిని రైలు కట్ట పక్కన ఎవడైనా నిలబెడతాడా?" అన్నాను.

ఇంటికొచ్చి వ్లాస్తాకి చెబితే ఆవిడ అంది: "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో." పెళ్ళాన్ని సానుభూతి అడగడం నాదే బుద్ధి తక్కువ.

అక్టోబర్ 11, ఆదివారం

హనాక్ ముసలాడి అంత్యక్రియలు. చర్చి మెట్ల మీద వాళ్ళావిడ చెయ్యి పట్టుకుని, "ఎంత మంచి మనిషమ్మా మీ ఆయన, అప్పుడే వెళ్ళిపోయాడు" అని ఓదార్చాను. ఆవిడ హనాక్ భార్య కాదట, మాంసం కొట్టు యానెచెక్ పెళ్ళామట. మొగుడు పక్కనే ఉన్నాడు, నిక్షేపంలాగా. ఆడవాళ్ళందరూ ఒకే రకం నల్ల టోపీలు కొనుక్కుంటే మనమేం చేస్తాం?

"కళ్ళ డాక్టరు దగ్గరికి రావయ్యా మగడా" అని వ్లాస్తా దారి పొడుగునా సతాయించింది. కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి మా లైన్లో 'తాతా' అంటారు. తలుపు దగ్గర కొక్కెం పట్టేవాడు డేగలా ఉండాలి. ఆవిడకి రైలు సంగతులు తెలియవు.

అక్టోబర్ 13, మంగళవారం

బ్రాడిష్ పోస్ట్‌మాస్టరు టోబియాస్ చీటీ పంపాడు. "సంచి దొరికింది. పందులు ఆసక్తిగా చదివాయి. ఇద్దరు రైతులకి పెన్షన్ చెక్కులు కాస్త నమిలినట్టున్నాయి గాని చెల్లుతాయి. ఆర్విడ్ అడిగాడని పైకి రాయడం లేదు." ఆర్విడ్ ఎందుకు అడిగాడో నాకర్థం కాలేదు. తప్పు ఆ మొక్కజొన్న బండివాడిది కదా.

అక్టోబర్ 20, మంగళవారం

మా పెట్టెకీ పక్కనున్న ఎక్స్‌ప్రెస్ పార్సిల్ పెట్టెకీ మధ్య ఒక తలుపుంది. నిబంధన ప్రకారం అది మూసి ఉండాలి. కానీ ఆ పక్క డ్యూయీ హాస్కెట్ కాఫీ కాస్తాడు కనక ఉండదు. అతని రాజ్యంలో ఇవాళ ఐసులో పెట్టిన ఆల్చిప్పల పీపాలు ఆరు, పెళ్ళికి పోతున్న గులాబీలు నాలుగు పెట్టెలు, ఒక శవపేటిక. శవపేటిక మీద మేము పేక వేసుకున్నాం. లోపలున్నాయన అభ్యంతరం చెప్పలేదు.

మూల ఒక పంజరంలో తెల్ల కుక్కపిల్ల కనిపించింది. ముద్దొచ్చి చెయ్యి పెట్టాను. అది బాతు. వేలు వాచింది. ఆ పెట్టెలో వెలుతురు చాలదని ఎన్నిసార్లు చెప్పినా డ్యూయీ వినడు.

నవంబర్ 6, శుక్రవారం

అక్టోబర్ లెక్క వచ్చింది! నా పేరు మీద తప్పులు రెండు. ఆర్విడ్ పేరు మీద ముప్ఫై ఎనిమిది.

ముప్ఫై ఎనిమిది. నేను వాడి భుజం తట్టి, "ఏం చేస్తాంరా, అందరికీ ఒకే బుర్ర ఉండదు" అన్నాను. వాడు తాడు ముడి వేస్తూ "అవును పెద్దాయనా" అన్నాడు. నవ్వినట్టు అనిపించింది. వెధవకి సిగ్గు కూడా లేదు.

నవంబర్ 7, శనివారం

థర్లో గారు నాకు ప్రత్యేకంగా ఉత్తరం రాశారు. నోర్డీన్ పదేళ్ళ రికార్డు శుభ్రంగా ఉంది, ఇప్పుడు హఠాత్తుగా ఇన్ని తప్పులేమిటి, పెట్టెలో సీనియరుగా మీ అభిప్రాయం రహస్యంగా తెలపండి అని. మధ్యాహ్నమంతా కూర్చుని జవాబు రాశాను. నకలు ఇక్కడ పెడుతున్నాను:

"ఆర్విడ్ నోర్డీన్ స్వతహాగా మంచివాడు. ఈమధ్య మాత్రం ధ్యాస పని మీద లేదు. కారణం ఇంట్లో గొడవలో, తాగుడో, నేను చెప్పలేను."

చెప్పలేను అనే రాశాను కనక చెప్పినట్టు కాదు. ఉత్తరం డబ్బాలో వేసేశాను.

నవంబర్ 10, మంగళవారం

వాళ్ళావిడ చేసిన ఏలకుల రొట్టె తెచ్చి ఆర్విడ్ సగం నాకిచ్చాడు. తిన్నాను. రుచి తెలియలేదు. ఏలకులు తక్కువై ఉంటాయి.

నవంబర్ 16, సోమవారం

రాయాలని లేదు, అయినా రాస్తాను.

పొద్దున్న ఆర్విడ్ పెట్టె చివర సంచులు సర్దుకుంటున్నాడు. నేను కాఫీకని డ్యూయీ దగ్గరికి వెళ్ళాను. పగిలిన గుడ్లు ఏ బుట్టలోవో అడగకుండా తినడం మా ఇద్దరి ఒప్పందం. అవి వేగుతుండగా ఆర్విడ్ మాట ఎత్తాను. ముప్ఫై ఎనిమిది తప్పులు, గుడ్డివాడైనా అన్ని చెయ్యడు, ఇలాంటివాడికి పని నేర్పినందుకు నాకే తలవంపు, ఇలా ఏదేదో అన్నాను. డ్యూయీ మూకుడు దించేశాడు.

"గురివింద గింజకి తన కింద నలుపు తెలీదంటారు చూడు, అది నువ్వేరా" అన్నాడు.

"ఏం కూశావ్?"

"ఆ ముప్ఫై ఎనిమిదీ నీవేరా బాబూ! నీ గూళ్ళలోంచి కట్టలు కట్టేదెవడు? వాడేగా. కట్టే ముందు నీ తప్పులు దొరికినన్ని ఏరి సరిచేస్తాడు. టైముండొద్దూ, కొన్ని జారిపోతాయి. అందుకని నీ కట్టల మీద నీ చీటీ తీసేసి వాడి చీటీ పెడతాడు. రోజూ ఈ తలుపులోంచి చూస్తూనే ఉన్నా. సంచి పందుల పాలైనప్పట్నుంచీ బ్రాడిష్ దగ్గర డ్రైవరు రెండుసార్లు కూత ఎందుకేస్తున్నాడనుకున్నావ్, నీ అందం చూసా? ఇప్పుడు తన్నరా సన్నాసీ అని నీకు చెప్పడానికి. అది కూడా వాడే మాట్లాడి పెట్టాడు."

"అబద్ధం" అన్నాను.

"అబద్ధమా? నీ నడుముకి వేలాడుతోందే, ఆ పిస్తోలు తెరిచి చూడు."

తపాలా పెట్టెలో పనిచేసేవాడికి దొంగల భయానికి పిస్తోలు ఇస్తారు. తెరిచాను. తడిమి చూశాను. తూటాలు లేవు.

"సెప్టెంబర్లో నువ్వు టికెట్లాయన్ని చూసి దొంగనుకుని దాని మీద చెయ్యేశావు. గుర్తుందా? ఆ రోజే ఆర్విడ్ తూటాలు తీసి దాచేశాడు. ఆ టికెట్లాయనకి నలుగురు పిల్లలు" అన్నాడు డ్యూయీ. గుడ్లు మళ్ళీ పొయ్యెక్కించాడు.

నేను మా పెట్టెలోకి పరిగెత్తాను. నా గూళ్ళ కింద కట్టి పెట్టిన కట్ట ఒకటి తీశాను. చీటీ కంటికి దగ్గరగా పెట్టుకుంటే అలుక్కుపోయినట్టుంది. చెయ్యి చాపాను. ఇంకా చాపాను. నా చెయ్యి అంత పొడుగే కదా, అక్కడితో ఆగింది. అప్పుడు లీలగా కనపడింది: నోర్డీన్.

"ఎవడడిగాడురా నిన్ను?" అని అరిచాను.

ఆర్విడ్ సంచి కింద పెట్టాడు. "ఎవరూ అడగలేదు."

"మరి ఏం పొయ్యేకాలం? నామీద జాలా? నేను నీకు ముష్టివాడిలా కనపడ్డానా?"

"అరవకు. నువ్వు నాకు పని నేర్పావు. ఆరు నెలలు మీ వంటింట్లో కూచోబెట్టి ఊళ్ళ పేర్ల కార్డులు గూళ్ళలో వేయించావు. అప్పుడు నిన్నెవరడిగారు?"

"అది వేరు!"

"సరే, వేరు. ఒకటి చెప్పు, నీకీ పెట్టె తప్ప ఇంకేం వచ్చు? మేకు కొట్టడం రాదు. చేపలు పట్టడం రాదు. ఇంట్లో రెండు రోజులుంటే వ్లాస్తమ్మ నిన్ను స్టేషన్‌కి తరుముతుంది. నాకు వడ్రంగం వచ్చు. షెడ్డులో ఎనిమిది గంటలు నిలబడి, ఇంటికొచ్చి బల్లలు చేసుకుంటా. నువ్వు ఆ షెడ్డులో ఆర్నెల్లు బతకవు పెద్దాయనా."

పదేళ్ళలో వాడు మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇన్ని కావు. నా జీవితంలో ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదు. ఇంత మంచి కూడా ఎవరూ చెయ్యలేదు. రెండూ ఒకడే చేస్తే వాణ్ణి కొట్టాలో కావలించుకోవాలో తెలియక తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను.

థర్లోకి రాసిన ఉత్తరం సంగతి చెప్పలేదు. సందర్భం రాలేదు.

నవంబర్ 18, బుధవారం

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పేరు చెప్పగానే నవ్వాడు. వ్లాస్తా నా పేరు రెండేళ్ళ కిందటే రాయించిందట. ప్రతి మూడు నెలలకీ వచ్చి, "మా ఆయన ఇంకా బాగానే చూస్తున్నానంటున్నాడు, కొంచెం ఆగండి" అని చెప్పి పోతోందట.

కళ్ళజోడు పెట్టుకుని ఇంటికొచ్చాను. వ్లాస్తా మొహం చూశాను. ముప్ఫై ఏళ్ళ కిందట పెళ్ళాడిన పిల్ల మొహం మీద ఇన్ని గీతలు ఎప్పుడు పడ్డాయో తెలియదు.

"ఏంటలా చూస్తున్నావ్? నువ్వు గుడ్డివాడిగా ఉన్నప్పుడే నేను అందంగా ఉన్నానేమో" అంది.

"లేదు, ఇప్పుడే బావున్నావు" అన్నాను. నిజమే చెప్పాను. ఆవిడ నమ్మలేదు గాని రాత్రి భోజనంలో ఆలూబుఖారా కొలాచె రొట్టెలు రెండు ఎక్కువ వడ్డించింది.

నవంబర్ 19, గురువారం

ప్రతి ఉత్తరం మీదా చిరునామా ఉంది! వీధి పేరుతో సహా! బ్రాడిష్‌లో సంచి టోబియాస్ కాళ్ళ దగ్గర పడింది, వాళ్ళ సంచి కొక్కేనికి తగిలి లోపలికొచ్చింది. డ్యూయీ 'తాతా' అని పిలిచాడు. పిలుచుకోనీ.

ఒకటి తెలిసింది. ఇప్పుడు నేను ఎవరికీ తీసిపోను. పెట్టెలో మిగిలే ఒక్కడు నేనే అయితే ఉత్తరాలకేమీ నష్టం లేదు. ఆర్విడ్ కూడా అదే కోరుకుంటున్నాడు. మంచితనంతో ఒకడు ఇచ్చింది కాదనడం కూడా ఒక రకం పొగరే కదా.

నవంబర్ 23, సోమవారం

రేపు ఒమాహాలో దిగగానే థర్లోని కలిసి అంతా చెప్పేస్తాను.

నవంబర్ 24, మంగళవారం

ఆఫీసు మెట్లెక్కాను. ఆయన భోజనానికి వెళ్ళి ఉంటాడనిపించింది. తలుపు తట్టలేదు గాని అలాగే అనిపించింది. రేపు కచ్చితంగా చెబుతాను.

నవంబర్ 26, గురువారం

టర్కీ కోడి పండగ. సెలవు రోజున ఎవరూ నిజాలు చెప్పుకోరు.

నవంబర్ 30, సోమవారం

లెక్క ఇవాళ్టితో ముగిసింది. ఇక చెప్పినా లాభం ఉండదేమో.

డిసెంబర్ 2, బుధవారం

ఆర్విడ్‌కి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వాడు చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నాకు తెలిసిపోయింది. కళ్ళజోడు ఉంది కదా, వాడి మొహం స్పష్టంగా కనపడుతోంది.

"పెద్దాయనా, ఇందులో ఏదో రాశారు. 'మీ సీనియరు తాగుడు అయి ఉండవచ్చునని తెలిపారు' అని. నాకు అర్థం కావడం లేదు."

'చెప్పలేను' అనే రాశానని చెప్పాలనుకున్నాను.

"తాగుడా?" అన్నాడు వాడు. గొంతు పెంచలేదు. "నేను లూథరన్ చర్చి మనిషిని. మా ఇంట్లో దగ్గుమందు కూడా భయపడుతూ తాగుతాం. నీకు తెలుసుగా."

"అప్పటికి నాకు చీటీల సంగతి తెలీదురా. నువ్వే తప్పులు చేస్తున్నావనుకున్నా."

"అది సరే. తెలిసి పదహారు రోజులైంది."

సరిగ్గా పదహారే. వాడు ఎప్పుడూ లెక్క తప్పడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వీపు నావైపు తిప్పి, సాయంత్రం దాకా కట్టలు కట్టాడు. నా కట్టలు కూడా కట్టాడు. వాటి మీద మళ్ళీ వాడి చీటీలే పెట్టాడు, అలవాటయిపోయి కాబోలు.

శుక్రవారం వాడికి విచారణ. తాగుడని తేలితే షెడ్డు కాదు, అసలు ఉద్యోగమే పోతుంది.

నేను పచ్చి వెధవని. ఇన్నాళ్ళూ ఈ డైరీలో ఎవరెవరినో వెధవలన్నాను. పేజీలు తిప్పి చూసుకుంటే ఆ మాట ఎక్కడ కనపడినా అక్కడ నా పేరు పెట్టుకోవచ్చు.

డిసెంబర్ 4, శుక్రవారం

థర్లో గారి గది. నన్ను పిలవలేదు, నేనే వెళ్ళాను. ఆర్విడ్ ఆదివారం చొక్కా వేసుకుని కుర్చీ అంచున కూచున్నాడు. నేను తలుపు తట్టకుండా లోపలికి పోయాను. తడితే మళ్ళీ మెట్లు దిగేస్తానని భయం.

"అయ్యా, ఆ తప్పులు నావి. నా కళ్ళు పోయాయి. ఇతను నా కట్టల మీద తన చీటీలు పెట్టాడు. తాగుడని రాసింది నా దిక్కుమాలిన బుద్ధి. ఇతను చుక్క ముట్టడు" అన్నాను.

థర్లో గారు కళ్ళజోడులోంచి నన్నూ, నా కళ్ళజోడునీ చూశారు. "నోర్డీన్, నిజమేనా?"

"కాదండీ" అన్నాడు ఆర్విడ్. "రూడీ పెద్దమనిషి. నామీద జాలిపడి అంటున్నాడు. తప్పులు నావే."

"వీడు అబద్ధాలాడుతున్నాడండీ! నేనే పనికిమాలిన సార్టర్ని!"

"ఈయన కంటే నేను అధ్వానమండీ. ఈమధ్య నాకసలు ఊళ్ళ పేర్లే గుర్తుండటం లేదు."

"ఒరే, నోర్ముయ్! చనిపోయినవాడి భార్య అనుకుని బతికున్నవాడి పెళ్ళాన్ని ఓదార్చిన మొహం నాది. నాతో పోటీ పడతావా?"

"కోవాండా! ఇది ఆఫీసా, చేపల బజారా?" అని థర్లో గారు బల్ల మీద కొట్టారు. "ఇరవై ఏళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. నేను మంచివాణ్ణంటే నేను మంచివాణ్ణని కొట్టుకునేవాళ్ళని చూశాను గాని, ఇలాంటి గోల ఎప్పుడూ వినలేదు. మాటలెందుకు? కార్డులు వెయ్యండి."

ఆ గదిలో మూల పరీక్షల గూళ్ళున్నాయి. ప్రతి కార్డు మీదా ఒక ఊరి పేరు, దాన్ని ఏ బండి గూట్లో వెయ్యాలో వెయ్యడమే పరీక్ష. నూరు కార్డులు. నా చేతికిచ్చి కళ్ళజోడు తియ్యమన్నారు.

తీశాను. కావాలని తప్పు వేస్తే సరిపోయేది. కానీ గూళ్ళ ముందు నిలబడేసరికి ఇరవై ఆరేళ్ళ పొగరు లేచి కూచుంది. చేతకాని వాడిలా ఒక్క కార్డు కూడా వెయ్యబుద్ధి కాలేదు. కళ్ళు చికిలించి, కార్డు ముక్కుకి ఆనించి, చాపి, చెమటలు కారుతుండగా పరువు కోసం ప్రాణం పెట్టి వేశాను. ఆయన లెక్కపెట్టారు.

"ముప్ఫై ఒకటి తప్పు" అన్నారు.

నూట్లో ముప్ఫై ఒకటి. నెలల తరబడి మూడింట ఒక ఉత్తరం తప్పుడు ఊరికి విసిరాను. వాటిల్లో చాలామట్టుకు ఈ కుర్చీ అంచున కూచున్నవాడు రోజూ ఏరి వెనక్కి తెచ్చాడు. నేను గోడకి ఆనుకున్నాను.

తరవాత ఆర్విడ్. వాడు నావైపు ఒకసారి చూసి మొదలుపెట్టాడు. టకటకా వేశాడు, ఎక్కడా ఆగలేదు. మూడు నిమిషాల్లో నూరూ అయిపోయాయి. థర్లో గారు గూళ్ళలోంచి తీసి చూస్తున్నారు, ఒకటి, పది, యాభై. ఆయన మీసం కదులుతోంది.

"నూటికి నూరు తప్పులు" అన్నారు.

"చెప్పానుగదండీ" అన్నాడు ఆర్విడ్ గర్వంగా.

"నోర్డీన్, ఏమీ రానివాడు కళ్ళు మూసుకుని వేసినా ఓ అయిదారు సరైన గూట్లో పడతాయి. ఒక్కటి కూడా సరిగ్గా పడకుండా వెయ్యాలంటే నూటికి నూరూ కంఠతా వచ్చి ఉండాలి. ఈ గదిలో ఇంత బాగా పరీక్ష రాసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు."

ఆర్విడ్ మొహం ఎర్రబడింది. పాపం, అబద్ధం కూడా తప్పుల్లేకుండా ఆడాడు.

తాగుడు మాట కొట్టేశారు. జనవరి నుంచి రైల్లో ఆర్విడ్, షెడ్డులో నేను. తప్పుడు నివేదిక ఇచ్చినందుకు నా రికార్డులో ఎర్రసిరా గీత ఒకటి పడింది. నేనే సంతకం పెట్టాను.

ఇద్దరం మెట్లు దిగి వీధి చివర దాకా నడిచాం. అక్కడ ఆర్విడ్ ఆగి, "ఎందుకు చెప్పావు?" అన్నాడు.

"ఎవడూ అడగలేదురా" అన్నాను.

డిసెంబర్ 31, గురువారం

చివరి రోజు. మంచు పడింది, బండి నలభై నిమిషాలు ఆలస్యం. డ్యూయీ ఆల్చిప్పలు వేయించాడు, ఏ పీపాలోవో మేమడగలేదు. నా గూళ్ళకి నేనే కట్టలు కట్టుకుని నా చీటీలే పెట్టాను. బ్రాడిష్ దగ్గర కొక్కెం ఆర్విడ్‌ని పట్టుకోమన్నాను. వాడు మొదటిసారికే సంచి పట్టాడు. "భుజం ఇంకొంచెం కిందికి దించాలి" అన్నాను. దించక్కర్లేదు, సరిగ్గానే ఉంది. ఏదో ఒకటి అనాలి కదా.

ఒమాహాలో దిగాం. ఆర్విడ్ నా సామాను పెట్టె మోసుకొచ్చి ప్లాట్‌ఫాం మీద పెట్టాడు. తన బుట్టలోంచి ఒక చెక్క పీట తీశాడు. కాళ్ళు పెట్టుకునే చిన్న పీట, చేత్తో చేసింది.

"షెడ్డులో రోజంతా సిమెంటు నేల మీద నిలబడాలి. మోకాళ్ళు పట్టేస్తాయి. ఒక కాలు దీనిమీద పెట్టుకో, కాసేపయ్యాక మార్చుకో" అన్నాడు.

"నేను నీ గురించి అంత మాట రాశాను కదరా" అన్నాను.

"రాశావు. కోపం పోలేదు" అన్నాడు. "అయినా మోకాళ్ళు మోకాళ్ళే."

బండి వైపు వెళ్ళిపోయాడు, సంచులు దింపాలి కదా, ఇక వాడొక్కడే. నేను పీట చంకలో పెట్టుకుని ఇంటి దారి పట్టాను. రెండు వీధులు దాటేసరికి దీపాలన్నీ అలుక్కుపోయాయి, ముందేముందో కనపడలేదు. కళ్ళు మళ్ళీ పోయాయేమోనని హడలిపోయి గోడ పట్టుకుని నిలబడ్డాను. కళ్ళజోడు పెట్టుకుని ఏడిస్తే అద్దాలు తడుస్తాయని నాకెవరూ చెప్పలేదు.